క్రిస్మస్ చుక్క నుంచి కేకు ముక్క దాకా: ఆరు ప్రశ్నలు

(డిసెంబరు నెలలో రోగుల బంధువుల సమావేశంలో వార్డు నర్సు చేసిన ప్రసంగం)



పండుగ నెలలో ఆస్పత్రి వరండాలో చాప వేసుకుని పడుకోవాలని ఎవరికీ ఉండదు. ఇంటి దగ్గర గోడలకు సున్నం వేయించుకోవాలి, పిండి కొట్టించుకోవాలి, పిల్లలకు కొత్త బట్టలు కుట్టించాలి. అవన్నీ వదిలేసి మీరు ఇక్కడ మంచం పక్కన కాచుకుని ఉన్నారు. అందుకని ఈ రోజు మీకు పాఠం చెప్పను. మనం ప్రశ్నల ఆట ఆడదాం. మొత్తం ఆరు ప్రశ్నలు. అన్నీ క్రిస్మస్ కాలానివే. కొన్ని ఆకాశం గురించి, కొన్ని భూమి గురించి, కొన్ని పిండివంటల గురించి. సరైన జవాబు చెప్పినవారికి ఒక కమలాపండు బహుమతి. పండు మీకే సుమా, మీ పేషెంటుకు కాదు. పేషెంటుకు పెట్టవచ్చో లేదో నన్ను అడిగి పెట్టండి.

ఆటకు ఒకటే నియమం. తప్పు చెప్పినవారిని చూసి ఎవరూ నవ్వకూడదు. ఎందుకో చివర చెబుతాను.

మొదటి ప్రశ్న: డిసెంబరులో చలి ఎందుకు?

"సూర్యుడు దూరంగా పోతాడు కాబట్టి" అని అందరూ ఒక్కసారే అంటున్నారు. నేను ఎక్కడ అడిగినా ఇదే జవాబు వస్తుంది. నర్సింగ్ చదివే రోజుల్లో నన్ను అడిగినా అదే చెప్పేదాన్ని. కాని నిజం దానికి తలకిందులు. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం సుమారు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్లు. జూలై మొదటి వారంలో సుమారు 15 కోట్ల 20 లక్షల కిలోమీటర్లు. అంటే మనం వణికేటప్పుడే సూర్యుడు దగ్గరగా ఉన్నాడు.

మరి చలి ఎందుకు? భూమి నిటారుగా నిలబడి తిరగదు, సుమారు 23.5 డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది. డిసెంబరులో మన ఉత్తర భాగం సూర్యుడికి ఎడంగా ఒరిగి ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడుతుంది. పగలు చిన్నదవుతుంది. డిసెంబరు 21 లేక 22న మనకు పగలు సుమారు 11 గంటలే. అదే సమయంలో ఆస్ట్రేలియాలో నడివేసవి. అక్కడివారు క్రిస్మస్ రోజున సముద్రపు ఒడ్డుకు వెళ్ళి స్నానాలు చేస్తారు.

ఈ ప్రశ్నకు తోడు ఇంకో చిన్న ప్రశ్న. చలికి గదిలో కుంపటి పెట్టుకుని, తలుపులు బిగించి పడుకుంటే ప్రమాదమా? "పొగ రావడం లేదు కదా సిస్టరమ్మా, ఎర్రటి నిప్పులే కదా" అంటారు. ఇక్కడే పొరబాటు. బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్లుండడం, ఆ తర్వాత నిద్రలోనే ప్రాణం పోవడం. మన్యంలో లంబసింగి వైపు గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునేంత చలి. ఆ వైపు నుంచి వచ్చినవారు మీలో ఉంటే ఇంటికి వెళ్ళాక అందరికీ చెప్పండి. కుంపటి బయటే ఉండాలి. గదిలోకి దుప్పట్లే రావాలి.

రెండవ ప్రశ్న: బేత్లెహేము చుక్క ఏ చుక్క?

ఇళ్ళ మీద రంగు కాగితాల చుక్కలు కడతాం. ఆ చుక్క ఏమిటో శాస్త్రజ్ఞులు వందల ఏళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నారు, ఇంకా ఒక మాట మీదికి రాలేదు. జర్మనీ దేశస్థుడు కెప్లర్ 1603 డిసెంబరులో గురుడు, శని ఒకదాని పక్కకు ఒకటి రావడం చూశాడు. వెనక్కి లెక్క కట్టి, క్రీస్తు పూర్వం 7లో కూడా ఆ రెండు గ్రహాలు దగ్గరకు వచ్చాయని తేల్చాడు. ఆ ఒక్క ఏడాదిలోనే అవి మూడుసార్లు దగ్గరయ్యాయి.

అలాంటి దృశ్యం మనమూ చూశాం. 2020 డిసెంబరు 21 సాయంత్రం. కోవిడ్ ఏడాది. డ్యూటీ దిగి మేడ మీదికి వెళ్ళి పడమటి వైపు చూశాను. గురుడు, శని దాదాపు ఒకే చుక్కలా కనిపించాయి. అంత దగ్గరగా కనిపించడం 1623 తర్వాత అదే మొదటిసారి. కాని నిజంగా ఆ రోజు వాటి మధ్య దూరం ఎంతో తెలుసా? 70 కోట్ల కిలోమీటర్లకు పైగా! మన కంటికి మాత్రం అవి అతుక్కున్నట్లే ఉన్నాయి.

ఇది నాకు వార్డులో తరచు గుర్తొస్తుంది. "పక్క మంచం పిల్లవాడికి కూడా ఇదే జ్వరం సిస్టర్, వాళ్ళ దగ్గర మిగిలిన మాత్ర మావాడికి వేశాను" అని ఒక తల్లి చెబుతుంది. రెండు జ్వరాలు కంటికి ఒకటిగానే ఉంటాయి. ఒకటి మలేరియా కావచ్చు, ఒకటి టైఫాయిడ్ కావచ్చు, ఒకటి డెంగీ కావచ్చు. వాటి మధ్య ఎంత దూరమో రక్తపరీక్ష చెబుతుంది గాని కన్ను చెప్పదు. ఒకరి మందు ఇంకొకరికి ఎప్పుడూ వేయకండి.

మూడవ ప్రశ్న: జ్ఞానులు ఎంతమంది?

"ముగ్గురు!" నాటకాలలో ముగ్గురే, కార్డుల మీద ముగ్గురే. కాని మత్తయి సువార్త రెండవ అధ్యాయం ఇంటికి వెళ్ళి చదువుకోండి. ఎంతమందో అక్కడ లెక్క లేదు. కానుకలు మాత్రం మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అని మనమే అనుకున్నాం.

సాంబ్రాణి, బోళం రెండూ చెట్టు బెరడుకు గాటు పెడితే కారే బంక. ఆ రోజుల్లో ఎంతో విలువైన సరుకు. ఇక్కడ బాలింతల వార్డు నుంచి వచ్చిన అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మాట. పసిబిడ్డకు నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్ళలో అలవాటు. "మంచిది, జలుబు పట్టదు" అంటారు. ఏ పొగైనా పొగే అమ్మా. రోజుల బిడ్డ ఊపిరితిత్తులు ఎంత సున్నితమో మేము రోజూ చూస్తున్నాం. తల తడి మెత్తని పొడిబట్టతో తుడిచి, బిడ్డను తల్లి గుండెకు ఆనించి కప్పండి. అంతకంటే వెచ్చదనం లేదు. ఉబ్బసం ఉన్న పెద్దవారి దగ్గర కూడా పొగ వద్దు.

నాలుగవ ప్రశ్న: అంతరిక్షంలో క్రిస్మస్ బిస్కెట్టు కాలడానికి ఎంతసేపు పడుతుంది?

దీనికి జవాబు ఎవరికీ తెలియదని నాకు తెలుసు, కమలాపండు నాకే మిగిలింది! మనుషులు మొదటిసారి చంద్రుడి చుట్టూ తిరిగింది క్రిస్మస్‌కే. 1968 డిసెంబరు 24న అపోలో 8లో బోర్మన్, లోవెల్, ఆండర్స్ అనే ముగ్గురు చంద్రుడి చుట్టూ తిరుగుతూ, టీవీలో భూమి మీది వారికి ఆదికాండము మొదటి వచనాలు చదివి వినిపించారు. చంద్రుడి అంచు మీదుగా నీలంగా పైకి వస్తున్న మన భూమిని ఆండర్స్ ఫొటో తీసింది కూడా ఆ రోజే.

ఇక బిస్కెట్టు సంగతి. 2019 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక చిన్న పొయ్యిలో బిస్కెట్లు కాల్చి చూశారు. ఇక్కడ ఇరవై నిమిషాల లోపు కాలే బిస్కెట్టుకు అక్కడ రెండు గంటల దాకా పట్టింది. కాల్చినవారు వాటిని తినలేదు, పరీక్షల కోసం భూమికి పంపించారు. పొడిపొడిగా రాలే తిండి అంటే అక్కడివారికి భయం. రేణువులు కింద పడవు, తేలుతూ కళ్ళలోకి, యంత్రాలలోకి పోతాయి. అందుకే రొట్టె ముక్కల బదులు చపాతీలాంటి టోర్టిల్లాలు తింటారు. 2025లో మన శుభాంశు శుక్లా అక్కడికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళింది క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం. చూశారా, ఒక్కటీ రాలే పదార్థం కాదు.

మరి కిందికి లాగే బలం తెలియని ఆ చోట మింగిన ముద్ద కడుపులోకి ఎలా పోతుంది? మన ఆహారనాళం అలలు అలలుగా బిగుసుకుంటూ ముద్దను ముందుకు తోస్తుంది. అందుకే తలకిందులుగా ఉన్నా మింగవచ్చు.

ఇప్పుడు పక్షవాతం వచ్చినవారి బంధువులు జాగ్రత్తగా వినండి. మీ పేషెంటుకు పాడైంది కడుపు కాదు. గొంతు దగ్గర, ముద్ద ఆహారనాళంలోకి పోవాలా గాలి గొట్టంలోకి పోవాలా అని దారి చూపే కండరాలకు బలం తగ్గింది. పడుకోబెట్టి కేకు ముక్క నోట్లో పెట్టి, పైన నీళ్ళు పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. మనమేమో తల మీద తట్టి "పొలమారింది, ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. ఎవరూ తలుచుకోవడం లేదు అమ్మా, మెతుకు దారి తప్పింది. రెండు రోజులకు జ్వరం, ఆయాసం, నెమ్ము.

అందుకని వారికి ఏది పెట్టవచ్చో ముందు మమ్మల్ని అడగండి. పెట్టమన్నప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. గడ్డం కొంచెం కిందికి వంచమనండి. చిన్న చెంచాతో కొంచెం కొంచెం పెట్టి, మింగారని చూశాకే రెండోది పెట్టండి. తిన్నాక అరగంట సేపు పడుకోబెట్టకండి. దగ్గు వచ్చినా, గొంతులో గరగర వినిపించినా ఆపేసి మమ్మల్ని పిలవండి.

ఐదవ ప్రశ్న: ప్లమ్ కేకులో ఏ పండు ఉంటుంది?

ప్లమ్ అనే పండే ఉంటుందనుకుంటాం. ఉండేది ఎండుద్రాక్ష. పాత ఇంగ్లీషులో ఎండుద్రాక్షను కూడా ప్లమ్ అనేవారు, ఆ పేరే నిలిచిపోయింది. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అనే ఆయన బేకరీలో తయారైందని చెబుతారు.

తాజా ద్రాక్షలో ఎక్కువ భాగం నీరే. ఎండినప్పుడు నీరు పోతుంది, చక్కెర, పొటాషియం అందులోనే ఉండిపోతాయి. గుప్పెడు ఎండుద్రాక్ష తినడమంటే పెద్ద గుత్తి ద్రాక్ష తిన్నట్లే. కిడ్నీ జబ్బు ఉన్నవారి ఒంట్లో పొటాషియం బయటికి పోలేక పేరుకుంటుంది. అది గుండె కొట్టుకోవడాన్నే తప్పిస్తుంది. "కొబ్బరినీళ్ళు చలవ కదా, కేకు తిన్నాక ఇద్దాం" అనుకోకండి. అందులోనూ పొటాషియం ఎక్కువే.

మన అరిసెల మాటేమిటి? "పంచదార అయితే షుగర్ పెరుగుతుంది, బెల్లం అయితే ఫరవాలేదు" అని ఈ హాలులో కనీసం సగం మంది నమ్ముతారు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. తేనె కూడా అంతే. రంగు మారింది, రుచి మారింది, పని మారలేదు. ఇంకొక సంగతి. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించవద్దు.

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాన్నగారికి ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఇంట్లో నర్సు ఉంది కదా, ఆంక్షలన్నీ నావే. ఆ క్రిస్మస్‌కు అరిసెల డబ్బా, గులాబీ పువ్వుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. 24వ తేదీ రాత్రి ఆయన అలవాటు ప్రకారం ఏడు గంటలకు సూది వేసుకున్నారు. ఇంతలో క్యారల్స్ బృందం వచ్చింది. "వచ్చాక తింటాను" అని వారితో వెళ్ళిపోయారు. వీధులన్నీ నడిచారు. ప్రతి ఇంట్లో పళ్ళెంలో మిఠాయి పెట్టారు. నాకు మాట ఇచ్చారు కాబట్టి ఒక్కటీ ముట్టుకోలేదు.

తొమ్మిది గంటలవేళ ఒక ఇంటి అరుగు మీద కూర్చుండిపోయారు. చలిలో ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. జీవితంలో చుక్క ముట్టని మనిషిని చూసి, గుంపులో ఎవరో "పండుగ కదా, పెద్దాయన కూడా పుచ్చుకున్నట్టున్నాడు" అన్నారట. కొందరు నవ్వారట. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం నవ్వలేదు. ఆమె భర్తకూ షుగరే. ఇలాంటి సమావేశంలోనే ఎప్పుడో విన్నదట. ఆయన మాట వింటున్నారా, మింగగలరా అని చూసి, గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించింది. పావుగంటలో మా నాన్నగారు తేరుకుని, "అమ్మాయితో చెప్పకండి, పంచదార తాగానంటే కోప్పడుతుంది" అన్నారట.

ఆ మాట నాకు తెలిసినప్పుడు ఏడ్చాను. ఆయన తినకూడనివి నూరు చెప్పాను. సూది వేసుకున్నాక తినకుండా ఉండకూడదన్న ఒక్కటి గట్టిగా చెప్పలేదు. ఏది విషమని దాచానో అదే ఆ రాత్రి ఆయనకు మందు అయింది. అది ఇచ్చింది నేను కాదు.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. ఇన్సులిన్ గాని, షుగర్ మాత్రలు గాని వాడేవారికి ఉన్నట్టుండి చెమటలు, వణుకు, ఆకలి, గుండెదడ, తికమక మాటలు వస్తే చక్కెర పడిపోయిందేమో అనుకోండి. తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో ఇవ్వండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

ఆరవ ప్రశ్న: సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు మన తీరప్రాంతపు వారు నవ్వకుండా జవాబు చెబుతారు. క్రిస్మస్ మరునాడు, 2004 డిసెంబరు 26 ఆదివారం తెల్లవారుజామున ఇండోనేషియాలోని సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సముద్రపు నేల ఒక్కసారి పైకి లేచి, పైనున్న నీటినంతా కదిలించింది. అనేక దేశాలలో రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. మన ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా పోయారు. చాలాచోట్ల అల వచ్చే ముందు సముద్రం వెనక్కి పోయింది. వింతగా ఉందని, చేపలు దొరుకుతాయని జనం ముందుకు వెళ్ళారు.

ఆ ఉదయం థాయ్‌లాండులోని ఫుకెట్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లీషు పిల్ల అమ్మానాన్నలతో ఉంది. సముద్రం నురగలు కక్కుతూ పైపైకి రావడం చూసింది. రెండు వారాల ముందే బడిలో భూగోళం మాస్టారు సునామీ గురించి చెప్పి ఉన్నారు. "ఇది అదే" అని అమ్మానాన్నలతో గొడవపెట్టింది. తండ్రి కాపలా మనిషికి చెప్పాడు. ఒడ్డు ఖాళీ చేయించారు. సుమారు వందమంది బతికారు.

ఇప్పుడైతే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. అయినా ఒడ్డున ఉన్నప్పుడు నేల గట్టిగా కంపించినా, సముద్రం అకారణంగా వెనక్కి పోయినా ఫోను కోసం ఎదురుచూడకండి. ఎత్తు ప్రదేశానికి పరుగెత్తండి. మొదటి అల పోయిందని తిరిగి రాకండి, తర్వాతి అల ఇంకా పెద్దది కావచ్చు.

ఇక ఆట నియమం ఎందుకు పెట్టానో చెబుతాను. ఆ పిల్లకు తెలిసింది చిన్న ముక్క. "చిన్నపిల్లవు, నీకేం తెలుసు" అని ఆమె తండ్రి నవ్వి ఊరుకుని ఉంటే? మా నాన్నగారి చుట్టూ ఉన్నవారందరూ నవ్వి ఊరుకుని ఉంటే? నవ్వుతారనే భయంతోనే చాలామంది మమ్మల్ని అడగరు. అడగకుండా తమకు తెలుసు అనుకున్నదే చేస్తారు. డిసెంబరులో సూర్యుడు దూరంగా ఉంటాడని అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. బెల్లం మంచిదే అనుకుంటే, పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారనుకుంటే నష్టం మన మంచం మీదే కనిపిస్తుంది.

కాబట్టి ఈ పండుగకు మీ పేషెంటుకు ఏదైనా పెట్టాలనిపిస్తే డబ్బా దాచకండి, దొంగచాటుగా పెట్టకండి. డబ్బాతో సహా నర్సుల గదికి రండి. ఎవరికి ఎంత, ఎప్పుడు, ఎలా అని కలిసి చూద్దాం. కొందరికి చిన్న ముక్క పెట్టవచ్చు, కొందరికి వద్దనవలసి వస్తుంది. వద్దన్నప్పుడు ఎందుకో కూడా చెబుతాం. రాత్రి పన్నెండు గంటలకైనా సరే, అదే ప్రశ్న నాలుగోసారి అయినా సరే, అడగండి. ఎవరూ నవ్వరు.

మీవారందరూ త్వరగా కోలుకుని, వచ్చే క్రిస్మస్‌ను మీ ఇంట్లో మీ చుక్క కింద జరుపుకోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. కమలాపండ్లు ఇంకా బుట్టలో ఉన్నాయి. జవాబు చెప్పనివారు కూడా ఒక్కొక్కటి తీసుకోండి.